నల్లరేగడిలో 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పీక్: ఇది కయోలినైటేనా?

రేగడి_పిల్ల

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టుకి మూడు మట్టి శాంపిల్స్ తీసుకున్నా. మొదటిది ద్వారకా తిరుమల వైపు నుంచి తెచ్చిన తెల్ల మట్టి. రెండోది ఆదిలాబాద్ దగ్గర మా పత్తి చేలో రెండడుగుల లోతున తవ్వి తీసిన నల్లరేగడి. మూడోది మా ఊరి చెరువు మట్టి, కుమ్మరులు వాడేది. మూడింటికీ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలు ఏ కోణంలో బలంగా తిరిగొస్తాయో చూసి ఖనిజం పొరల మందం లెక్కించేది), టీజీ-డీటీఏ (వేడి చేస్తూ, టీజీలో పోయే బరువునీ, డీటీఏలో మట్టి వేడి పీల్చిందా వదిలిందా అన్నదాన్నీ చూసేది), ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో రసాయన బంధాల గీతలు చూసేది) బయట ల్యాబ్‌లో చేయించాను.

తెల్ల మట్టి పేచీ లేకుండా వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీలో 12.36 డిగ్రీల కోణం దగ్గర నిటారుగా కయోలినైట్ (పింగాణీకి వాడే తెల్ల మట్టి ఖనిజం) పీక్, 24.9 దగ్గర దాని జత. డీటీఏలో 530 డిగ్రీల వేడి దగ్గర పెద్ద లోయ (అక్కడ వేడి పీల్చుకుంది), 990 దగ్గర సన్నగా పైకి లేచిన శిఖరం. 400 నుంచి 650 డిగ్రీల మధ్య 11.5 శాతం బరువు పోయింది.

రేగడి దగ్గరే చిక్కుకుపోయా. 5.9 డిగ్రీల దగ్గర, అంటే 15 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దగ్గర పెద్ద పీక్ ఉంది. అది మాంట్‌మోరిలోనైట్ (తడికి ఉబ్బే మట్టి ఖనిజం) అనుకుంటున్నా. 12.1 దగ్గర ఇంకో చిన్న పీక్, కాస్త వెడల్పుగా. లెక్కేస్తే 7.3 ఆంగ్‌స్ట్రామ్‌లు. టీజీలో 200 డిగ్రీల లోపే 8.1 శాతం పోయింది, 400-600 మధ్య 2.4, 700-800 మధ్య 3.5. మా క్లాసులో అందరూ "7 దగ్గర పీక్ అంటే కయోలినైటే, రాసెయ్" అంటున్నారు. 2.4ని 13.96తో భాగించి 17 శాతం కయోలినైట్ అని థీసిస్‌లో పెట్టొచ్చా?

మోర్బీ_తెలుగోడు

తెల్ల మట్టికి ఆ లెక్క చక్కగా నప్పుతుంది. స్వచ్ఛమైన కయోలినైట్ కాలితే హైడ్రాక్సిళ్లు (ఖనిజం నిర్మాణంలోనే ఉన్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) నీటి రూపంలో పోయి 13.96 శాతం బరువు తగ్గుతుంది. నీకు 11.5 తగ్గింది కాబట్టి 82 శాతం చిల్లర కయోలినైట్. మా టైల్స్ ఫ్యాక్టరీలో మట్టి లారీ గేటు దగ్గరికి రాగానే మేం చేసే మొదటి లెక్క ఇదే.

రేగడికి మాత్రం వెయ్యకు. అందులో ఎక్కువ భాగం మాంట్‌మోరిలోనైట్ అని నువ్వే అంటున్నావు. దానికీ హైడ్రాక్సిళ్లు ఉంటాయి, 5 శాతం దాకా బరువు వాటి వల్లే పోతుంది. మామూలుగా 600-700 మధ్య పోతాయి కానీ, ఇనుము ఎక్కువున్న రకమైతే 500 దగ్గరే మొదలైపోతుంది. అంటే నీ 2.4లో ఎవరి వాటా ఎంతో టీజీ చెప్పదు.

700-800 మధ్య పోయిన 3.5 మట్టిది కాకపోవచ్చు. చేలో సున్నపు గుళికలు కనబడతాయా? కాల్సైట్ ఆ వేడికే విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాల్సైట్ బరువులో అది 44 శాతం, కాబట్టి నీ మట్టిలో దాదాపు 8 శాతం కాల్సైట్ ఉన్నట్టు. ఎఫ్‌టీఐఆర్‌లో 1430, 875 దగ్గర ఏమన్నా ఉందేమో చూడు, కాల్సైట్ గీతలు అక్కడే వస్తాయి.

రేగడి_పిల్ల

రెండు చోట్లా ఉన్నాయి సార్. గుళికలు కూడా ఉంటాయి, నాగలికి తగులుతూనే ఉంటాయి.

పాత_డిఫ్రాక్టో

అమ్మాయ్, జవాబు చెప్పేముందు నాలుగు ప్రశ్నలు. ముప్పై ఏళ్లకు పైగా డిఫ్రాక్టోమీటర్ ముందు కూర్చున్నవాణ్ణి, ఇవి తెలియకుండా నోరు విప్పను.

మొత్తం మట్టిని పొడి చేసి పెట్టారా, 2 మైక్రాన్ల లోపు భాగాన్ని వేరు చేసి పెట్టారా? ఎలా ఎండబెట్టారు? దేనితో నూరారు? క్వార్ట్జ్ ముఖ్యమైన పీక్ ఎన్ని డిగ్రీల దగ్గర వచ్చింది?

రేగడి_పిల్ల

మొత్తం మట్టి పొడే సార్. 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, బాల్ మిల్‌లో నూరారట. ఎంతసేపో చెప్పలేదు. క్వార్ట్జ్ 26.64 దగ్గర ఉంది.

పాత_డిఫ్రాక్టో

క్వార్ట్జ్ తన చోట తాను ఉంది, 3.343 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాబట్టి మెషిన్ జరగలేదు. ఇది ముఖ్యం. ఎందుకంటే కయోలినైట్ మొదటి పీక్ 7.15 దగ్గర రావాలి, నీది 7.3. "ఏదో కొంచెం అటూ ఇటూ" అని సర్దేయడానికి వీల్లేదు. ప్రతి మట్టిలోనూ ఉచితంగా దొరికే కొలబద్ద క్వార్ట్జ్. దాన్ని చూడకుండా మట్టి పీకుల గురించి మాట్లాడేవాళ్ల మాట నేను వినను.

బాల్ మిల్ సంగతి. పొడిగా గంటల తరబడి నూరితే కయోలినైట్ పొరల క్రమమే చెదిరిపోతుంది, పీక్ వెడల్పవుతుంది. ఈసారి అగేట్ కల్వంలో చేత్తో, మెల్లగా నూరు. ఓవెన్‌లో 110 డిగ్రీలు కూడా వద్దు. మాంట్‌మోరిలోనైట్ పొరల మధ్య నీళ్లు పోయినా గాలిలోంచి మళ్లీ పీల్చుకుంటుంది, దాంతో ప్రమాదం లేదు. కానీ మట్టిలో నీళ్లు పట్టిన హాలోయ్‌సైట్ (కయోలినైట్‌కి దగ్గరి చుట్టం) ఉంటే, 10 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 7కి పడిపోయి మళ్లీ లేవదు. అప్పుడు లేని కయోలినైట్‌ని మనమే తయారు చేసినట్టు. నీడన ఆరబెట్టు, చాలు.

7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పీక్ ఇచ్చేది కయోలినైట్ ఒక్కటే కాదు. క్లోరైట్ అనే ఖనిజానికి మొదటి పీక్ 14 దగ్గర, రెండోది 7.1 దగ్గర. ఎండిన హాలోయ్‌సైట్ 7.2 నుంచి 7.4. ఇవిగాక నాకు ఇంకో అనుమానం ఉంది, అది తర్వాత చెబుతా. ముందే చెబితే నువ్వు దాన్నే వెతుక్కుంటావు.

సారె_చక్రం

చెల్లె, మాది కుమ్మరి కుటుంబం. మా నాయిన ఇప్పటికీ సారె తిప్పుతడు, నేను హైదరాబాద్‌ల ఉద్యోగం. గీ గ్రాఫులు నాకు సమజ్ కావు గని, ఒకటి అడుగుత. మేం ఉత్త నల్లరేగడితోని కుండ ఎన్నడు చెయ్యం. ఆరంగనే పర్రెలిస్తది. చెరువు మట్టిల సన్న ఇసుక కలిపి తొక్కుతం. ఆముల (కుండలు కాల్చే బట్టిల) పేర్చినంక ముందుగాల పొగనే పెడ్తం, మంట కాదు. జల్ది మంట వెడ్తే లోపట టప్పుటప్పుమని పగుల్తయ్. కాలినంక కూడ ఒక రాత్రి దాంక మూత తియ్యం. గీ గ్రాఫుల ఇవన్ని కనవడ్తయా?

మోర్బీ_తెలుగోడు

అన్నా, అన్నీ కనబడతాయి. నీ ఆము కూడా ఒక టీజీ మెషినే, కాకపోతే కొలిచేది కంటితో.

రేగడి పగలడం: మాంట్‌మోరిలోనైట్‌లో పొరకీ పొరకీ మధ్య కాల్షియం, సోడియం లాంటి అయాన్లు, వాటి చుట్టూ నీళ్లు ఉంటాయి. తడిలో 15 ఆంగ్‌స్ట్రామ్‌లున్న పొర ఆ నీళ్లన్నీ పోతే 10కి దిగుతుంది. ప్రతి పొరా అంతంత కుంచించుకుపోతే పర్రెలు రాక ఏమవుతుంది? కయోలినైట్ పొరల మధ్య నీళ్లు దూరవు. వాటిని హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. అందుకే ఆరేటప్పుడు అది అంతగా ముడుచుకోదు.

పొగ పెట్టడం: 200 డిగ్రీల లోపు పోయేది ఆ నీళ్లే. చెల్లి రేగడికి 8.1 శాతం. కుండ గోడ మందంగా ఉండి, మంట ఒక్కసారిగా తగిలితే ఆవిరికి బయటికి దారి దొరకదు, గోడని చీల్చుకుని వస్తుంది. ఇసుక ఆ దారి ఇస్తుంది, ముడుచుకోడాన్నీ తగ్గిస్తుంది.

మూత తియ్యకపోవడం: 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ ఆల్ఫా రూపం నుంచి బీటాకి మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ఒక్కసారిగా తగ్గుతుంది. చలిగాలి తగిలి కుండలో ఒక వైపు ముందే ఆ గీత దాటి, రెండో వైపు దాటకపోతే సన్నటి పగులు వస్తుంది. కొడితే ఖంగుమనదు. మా ఫ్యాక్టరీలో ఫర్నేస్ చల్లార్చేటప్పుడు మేం అన్నిటికంటే నెమ్మదిగా వెళ్లేది 600 నుంచి 550 దాకా.

డీటీఏలో ఆ 573 చిన్న గీతే, కయోలినైట్ లోయలో కలిసిపోయి కనబడదు. చూడాలంటే కాల్చిన శాంపిల్‌ని అదే మెషిన్‌లో చల్లార్చుతూ మళ్లీ గీయించు. కయోలినైట్ పోతే మళ్లీ రాదు, క్వార్ట్జ్ మాత్రం వెనక్కి వస్తుంది. అప్పుడు దానొక్కదాని గీతే కనబడుతుంది.

సందేహాల_రావు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి కూడా ఇదే జాతా? నూనె పీల్చేది ఈ పొరల వల్లేనా?

పాత_డిఫ్రాక్టో

ఎక్కువగా అదే జాతి. బార్మర్ వైపు తవ్వుతారు. పేరు ఒకటే ఉన్నా సంచి సంచికీ మట్టి మారుతుంది. ఇంతకంటే ఇక్కడ వద్దు, వేరే థ్రెడ్ తెరువు.

కాలిన_మట్టి

చెన్నైలో సిమెంట్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా. తెల్ల మట్టి గ్రాఫులోని 530కీ 990కీ మధ్య ఏం జరుగుతుందన్నదే నా పొట్టకూడు కాబట్టి నాలుగు మాటలు.

530 దగ్గర హైడ్రాక్సిళ్లు పోయాక మిగిలేది మెటాకయోలిన్. ఎక్స్‌ఆర్‌డీలో పీకులన్నీ మాయమై 20-30 డిగ్రీల మధ్య ఒక మూపురం మాత్రం మిగులుతుంది. చాలామంది అక్కడితో "నిర్మాణం పోయింది" అని రాసి వదిలేస్తారు. పూర్తిగా పోదు. అల్యూమినియం ఎన్‌ఎంఆర్ (పరమాణువు చుట్టూ ఎవరున్నారో అయస్కాంతంతో చూసే పరీక్ష) తీస్తే తెలుస్తుంది: ముడి కయోలినైట్‌లో ప్రతి అల్యూమినియం చుట్టూ ఆరు ఆక్సిజన్ పొరుగులుంటే, మెటాకయోలిన్‌లో నాలుగు, ఐదు, ఆరు కలగలిసి ఉంటాయి. ఆ ఐదు పొరుగుల అల్యూమినియం ఇబ్బందిగా నిలబడి ఉన్నట్టు లెక్క. సున్నం తగిలితే చాలు, చర్యలోకి దిగుతుంది. ఎల్‌సీ3 సిమెంట్ (సున్నపురాయి, కాల్చిన మట్టి కలిపిన రకం) నడిచేది దీని మీదే. 50 శాతం క్లింకర్ (సిమెంట్ బట్టీలో కాలి వచ్చే గడ్డలు), 30 కాల్చిన మట్టి, 15 సున్నపురాయి, 5 జిప్సం. స్విట్జర్లాండ్‌లో లొసాన్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయం, క్యూబా పరిశోధకులు, మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ కలిసి దీన్ని ముందుకు తెచ్చారు. క్లింకర్ సగానికి తగ్గితే కార్బన్ డయాక్సైడ్ కూడా బాగా తగ్గుతుంది.

కాల్చడం 700-850 మధ్యే ఉండాలి. 900 దాటనిస్తే ఆ చలాకీ పోతుంది. 980 దగ్గర వేడి వదిలే ఆ శిఖరం అదే: పదార్థం మళ్లీ స్ఫటికంగా కట్టుకుంటోంది. అక్కడ పుట్టే స్ఫటికం స్పినెలా, ముల్లైటా అన్న కొట్లాట పాతది. బ్రిండ్లీ, నకహిరా 1959లోనే కయోలినైట్ నుంచి ముల్లైట్ దాకా వరుసని మూడు వ్యాసాల్లో పెట్టారు, అయినా ఆ వాదన తెగలేదు. 1100 దాటాక మాత్రం ముల్లైట్ స్పష్టంగా కనబడుతుంది, అందులో ఎవరికీ తగువు లేదు.

ఎల్‌సీ3కి మట్టిలో కనీసం 40 శాతం కయోలినైట్ ఉండాలంటాం. రేగడి పనికిరాదు, మాంట్‌మోరిలోనైట్ కాలినా ఆ స్థాయిలో చర్య జరపదు. నీ తెల్ల మట్టి అయితే బంగారం.

తవ్వకం

ఇక్కడ అందరూ కాల్చబోయే మట్టి గురించి మాట్లాడుతున్నారు, నాది కాలిపోయిన మట్టి. తెలంగాణలో పెద్దరాతి సమాధుల దగ్గర దొరికే నలుపు-ఎరుపు కుండ పెంకులు అందరూ చూసే ఉంటారు. లోపల నలుపు, బయట ఎరుపు. ఎన్ని డిగ్రీల్లో కాల్చారో ఈ పద్ధతులతో తేల్చొచ్చా?

మోర్బీ_తెలుగోడు

హద్దులు చెప్పొచ్చు, అంకె చెప్పలేం. ఎఫ్‌టీఐఆర్‌లో హైడ్రాక్సిళ్ల వల్ల వచ్చే 3695, 3620 గీతలు, 915 గీత మాయమైతే 500-600 దాటినట్టు. కాల్సైట్ ఉంటే 800 దాటలేదనుకోవాలి. కానీ భూమిలో వందల ఏళ్లు పడి ఉన్న పెంకులో నీటితో వచ్చి చేరిన కాల్సైట్ కూడా ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. బహిరంగ ఆముల్లో మామూలుగా 600-900 మధ్యే వేడి చేరుతుంది. ఇల్లైట్ అనే ఉబ్బని మట్టి ఖనిజపు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల పీక్ ఆ వేడిలో కూడా చాలాదూరం నిలబడుతుంది, అదీ ఒక గుర్తు.

పెంకు విరిచి అంచు చూడు. మధ్యలో నల్లటి పట్టీ, రెండు వైపులా ఎరుపు ఉంటే, మట్టిలోని ఆకూ అలమూ పూర్తిగా కాలేలోపే మంట ఆపేశారన్నమాట.

సారె_చక్రం

గా నల్ల పట్టీ మా కుండలల్ల కూడ వస్తది. మా నాయిన దాన్ని "పచ్చి" అంటడు. గసొంటి కుండ నీళ్లల్ల నానవెడ్తె కొన్ని దినాలకు అంచు మెత్తవడ్తది. ఇప్పుడు సమజయింది, 500 గూడ ముట్టలేదన్నట్టు.

పాత_డిఫ్రాక్టో

సరిగ్గా చెప్పావు నాయనా. హైడ్రాక్సిళ్లు పోని మట్టి మళ్లీ మట్టే. 1887లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ల షాతలియే మట్టిని కొలిమిలో పెట్టి, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగల జంట) చూపిన మార్పుని ఫొటో పలక మీద పట్టాడు. థర్మల్ అనాలిసిస్ మొదలైంది అక్కడే, మట్టితోనే.

రేగడి_పిల్లకి ఇక పని చెబుతా. జాగ్రత్తగా విను.

మట్టిలో కాల్సైట్ ఉంది కాబట్టి ముందు దాన్ని తీసెయ్యాలి. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే మట్టి ఖనిజాలనే తినేస్తుంది. పీహెచ్ 5 ఉండేలా సోడియం ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణం వాడు. సేంద్రియ పదార్థానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. తర్వాత కాస్త సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేసి నీళ్లలో బాగా కలిపి, నిలువు గాజు జాడీలో పెట్టు. 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి నీళ్లు 20 డిగ్రీలుంటే 7 గంటల 45 నిమిషాలు పడుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఆ అంకే ఉంటుంది. మన దగ్గర ఇప్పుడు నీళ్లు 30 డిగ్రీలు, చిక్కదనం తక్కువ, కాబట్టి 6 గంటల 10 నిమిషాలకే పై 10 సెంటీమీటర్లు పిపెట్‌తో లాగెయ్యాలి. మరీ ఆలస్యం చేస్తే 2 మైక్రాన్ల రేణువులు కూడా కిందికి దిగిపోయి, నీకు సన్నటివే మిగులుతాయి.

అలా లాగిన మట్టి నీళ్లని గాజు పలక మీద పోసి, ఫ్యాన్ గాలి తగలని చోట ఆరనివ్వు. పొరలన్నీ పలకకి సమాంతరంగా పడుకుంటాయి, మనకి కావలసిన పీకులే పెద్దవిగా లేస్తాయి. మందంగా పోస్తే రేగడి ఆరేటప్పుడు అంచుల దగ్గర అప్పడంలా లేచిపోతుంది, పల్చగానే పొయ్యి. ముందుగా మెగ్నీషియం క్లోరైడ్‌తో శాంపిల్‌ని నింపుకో, అప్పుడు పొరల మధ్య ఏ అయాన్ ఉందో అనుమానం ఉండదు.

ఇక అదే పలకని నాలుగు సార్లు గీయించాలి. ఒకటి, ఆరినట్టుగానే. రెండు, డెసికేటర్ (మూత బిగిసే గాజు పాత్ర) అడుగున ఇథిలీన్ గ్లైకాల్ పోసి, 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి. మూడు, 300 డిగ్రీల్లో గంట కాల్చి. నాలుగు, 550లో గంట కాల్చి. మామూలు గాజు పలక 550 దగ్గర వంగే ప్రమాదం ఉంది, సిలికా పలక దొరికితే మంచిది. కాల్చినవాటిని వేడి తగ్గకుండానే డెసికేటర్‌లో పెట్టి నేరుగా మెషిన్‌కి తీసుకెళ్లు. బయట పెట్టి టీ తాగొచ్చేలోపు మాంట్‌మోరిలోనైట్ గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ ఉబ్బుతుంది.

ఏం జరగొచ్చో చెబుతా. మాంట్‌మోరిలోనైట్ అయితే 15 పీక్ గ్లైకాల్‌లో 17కి పోవాలి, 300లో 10కి కుప్పకూలాలి. క్లోరైట్ అయితే గ్లైకాల్‌కి ఉలకదు, 550లో 14 పీక్ ఇంకా బలపడుతుంది. వర్మిక్యులైట్ గ్లైకాల్‌కి పెద్దగా కదలదు, పొటాషియంతో నింపితే 10కి దిగుతుంది. ఇల్లైట్ 10 దగ్గర ఉంటే నాలుగింటిలోనూ 10 దగ్గరే ఉంటుంది. 7 దగ్గరున్న కయోలినైట్ గ్లైకాల్‌లోనూ 300లోనూ అంగుళం కదలకూడదు, 550లో మాయం కావాలి. ఇక్కడో ఉచ్చు ఉంది: క్లోరైట్ 7 పీక్ కూడా 550లో సన్నబడిపోతుంది, కాబట్టి 7 మాయమైందని చూసి కయోలినైట్ అనకు, 14 దగ్గర ఏమైందో చూసి మాట్లాడు. 24.9 పీక్ ఉంటే కయోలినైట్, 25.2 ఉంటే క్లోరైట్.

నీ 7.3 కదులుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కాలిన_మట్టి

సార్, 300 మెట్టు చాలామంది ఎగ్గొట్టి నేరుగా 550కి పోతారు. మా ల్యాబ్‌లో కూడా. అది తప్పనిసరా?

పాత_డిఫ్రాక్టో

ఈ శాంపిల్‌కి అదే ప్రాణం. కారణం అమ్మాయి గ్రాఫులు వచ్చాక.

మోర్బీ_తెలుగోడు

మెషిన్ బుక్ చేస్తున్నప్పుడే టీజీ-డీటీఏ కూడా మళ్లీ చేయించు చెల్లీ. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున, మూడు శాంపిల్స్‌కీ ఒకటే బరువు, ఒకటే క్రూసిబుల్. ఒకదానికి 10, ఇంకోదానికి 20 పెడితే రెండోదాని లోయ పైకి జరుగుతుంది, అది మట్టి తేడా అనుకుంటావు. గాలిలో చేశారా, నైట్రోజన్‌లోనా అని కూడా అడుగు. గాలిలో అయితే సేంద్రియ పదార్థం 200-500 మధ్య మండి వేడి వదులుతుంది, 300 దగ్గర గోథైట్ (తుప్పు లాంటి ఇనుప ఖనిజం) లోయ ఉన్నా దాని కింద పడి కనబడదు. రేగడికి పెరాక్సైడ్ పెట్టిన భాగం, పెట్టని భాగం రెండూ గీయిస్తే దేని వాటా ఏదో తేలిపోతుంది.

రేగడి_పిల్ల

ఆలస్యానికి క్షమించండి. మెషిన్ ఖాళీ దొరకలేదు. మొత్తానికి నాలుగు గ్రాఫులూ వచ్చాయి. మెగ్నీషియంతో నింపిన, 2 మైక్రాన్ల లోపు భాగం.

ఆరినట్టుగా: 5.9 డిగ్రీల దగ్గర పెద్దది, 8.8 దగ్గర చాలా చిన్నది, 12.1 దగ్గర వెడల్పాటిది.

గ్లైకాల్: పెద్దది 5.2కి జరిగింది, అంటే 17 ఆంగ్‌స్ట్రామ్‌లు. 8.8 అక్కడే ఉంది. 12.1 ఉన్నది 11.8కి వచ్చింది, 7.5 ఆంగ్‌స్ట్రామ్‌లు.

300 డిగ్రీలు: పెద్దది 8.8లో కలిసిపోయింది. 7 ప్రాంతంలోది 11.6కి వచ్చి ఇంకా వెడల్పయింది, ఎడమ వైపు సాగినట్టుంది. 7.6 ఆంగ్‌స్ట్రామ్‌లు.

550: 8.8 ఒక్కటే మిగిలింది. 14 దగ్గర ఏమీ లేదు. 7 దగ్గరా ఏమీ లేదు.

క్వార్ట్జ్ నాలుగింట్లోనూ 26.64 దగ్గరే. టీజీ-డీటీఏ గాలిలో చేశారు, నిమిషానికి 10 డిగ్రీలు. రేగడికి ఈసారి 490 దగ్గర చిన్న లోయ, 660 దగ్గర ఇంకొకటి. 980 దగ్గర శిఖరమంటూ లేదు, కాస్త ఎత్తు తప్ప.

కయోలినైట్ అయితే కదలకూడదన్నారు. ఇది ప్రతిసారీ కదిలింది. అంటే ఇది ఏంటి సార్?

పాత_డిఫ్రాక్టో

శభాష్. నా అనుమానం ఇదే. కయోలినైట్, స్మెక్టైట్ పొరలు ఒకే రేణువులో ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పేరుకున్న మిశ్రమ పొరల ఖనిజం. రెండు పేకలు కలిపి గిలకొట్టిన కట్ట అనుకో. ముక్క ముక్కా వేరే, కట్ట ఒకటే. (మాంట్‌మోరిలోనైట్ స్మెక్టైట్ కుటుంబంలోదే, ఇక్కడ రెండు మాటలూ ఒకే అర్థంలో వాడుతున్నా.)

అలాంటి కట్ట నుంచి వచ్చే పీక్ రెండింటి పీకుల మధ్య ఎక్కడో నిలబడుతుంది. లెక్క చూడు. కయోలినైట్ 7.15. స్మెక్టైట్ 15 అయితే దాని రెండో పీక్ 7.5. మధ్యలో 7.3, నీకు మొదట వచ్చింది అదే. గ్లైకాల్ పెడితే 17లో సగం 8.5, కాబట్టి మధ్య పీక్ పైకి జరగాలి, 7.5కి జరిగింది. 300లో స్మెక్టైట్ పొరలు 10కి కుదించుకుపోతాయి, కయోలినైట్ పొరలు 7.15 దగ్గరే ఉంటాయి, కాబట్టి పీక్ 7కీ 10కీ మధ్య ఎక్కడో పడాలి, వెడల్పు కావాలి. 7.6, ఎడమకి సాగింది. నువ్వు 300 మెట్టు ఎగ్గొట్టి 550కి పోయుంటే 7 మాయమైంది కాబట్టి కయోలినైట్ అని రాసేదానివి. కాలిన_మట్టి అడిగినదానికి జవాబు ఇదే.

పీక్ 7.15కి దగ్గరగా ఉంది కాబట్టి కట్టలో కయోలినైట్ ముక్కలే ఎక్కువ. విడిగా స్మెక్టైట్ కూడా చాలా ఉంది, 17 పీక్ దానిదే. కొంచెం ఇల్లైట్ ఉంది, 8.8 దగ్గర కదలకుండా నిలబడ్డ చిన్నది. క్లోరైట్ లేదు.

మోర్బీ_తెలుగోడు

డీటీఏ కూడా పక్కనే నడుస్తోంది చూశారా. బాగా కుదురుగా పేరుకున్న కయోలినైట్ 530 దగ్గర లోయ ఇచ్చింది తెల్ల మట్టిలో. క్రమం తక్కువైన కొద్దీ ఆ లోయ కిందికి దిగుతుంది, ఇక్కడ 490. 980 శిఖరం కూడా అందుకే చచ్చుపడింది. 660 లోయ స్మెక్టైట్‌ది. అయితే 490 చూసి మిశ్రమ పొరలని ముందే చెప్పగలిగేవాళ్లమా అంటే, నేనైతే చెప్పలేకపోయేవాణ్ణి. ఉత్త క్రమం లేని కయోలినైట్ అనుకునేవాణ్ణి.

కాలిన_మట్టి

ఎఫ్‌టీఐఆర్‌లో 3695 దగ్గర ఏమన్నా ఉందా?

రేగడి_పిల్ల

ఉంది. తెల్ల మట్టికి 3695, 3669, 3652, 3620 నాలుగూ విడివిడిగా ఉన్నాయి. రేగడికి 3620 దగ్గర లావుపాటి గీత, దాని భుజం మీద 3695 చిన్నగా.

కాలిన_మట్టి

ఆ 3695 కయోలిన్ పొరలు ఉన్నాయని చెబుతుంది, విడిగా ఉన్నాయా కట్టలో కలిసి ఉన్నాయా చెప్పదు. ఎఫ్‌టీఐఆర్ మాత్రమే చూసినా "కయోలినైట్ ఉంది" అనే రాసేవాళ్లం.

ఒక్క సందేహం మిగిలింది. ఆదిలాబాద్ వైపు రేగడి దక్కన్ బసాల్ట్ నుంచి వచ్చింది. బసాల్ట్‌లో మెగ్నీషియం ఎక్కువ. ఆ స్మెక్టైట్ సపోనైట్ (మెగ్నీషియం ఎక్కువున్న రకం) కావచ్చు కదా, మాంట్‌మోరిలోనైట్ అని ఎలా ఖాయం చేస్తాం?

పాత_డిఫ్రాక్టో

మంచి ప్రశ్న. 060 పీక్ (పొర మందాన్ని కాక, పొర లోపలి అమరికని చూపేది) చూడాలి. దానికి పలక పనికిరాదు, పొరలు పడుకోకుండా అడ్డదిడ్డంగా ఉండే పొడి కావాలి. వెనక వైపు నుంచి నింపే హోల్డర్ వాడమ్మా, ముందు నుంచి గాజుతో నొక్కొద్దు. 62 డిగ్రీల ప్రాంతంలో 1.50 ఆంగ్‌స్ట్రామ్‌లైతే మాంట్‌మోరిలోనైట్ వైపు, 1.53 అయితే సపోనైట్ వైపు. క్వార్ట్జ్ పీక్ ఒకటి 1.541 దగ్గర, అంటే 60 డిగ్రీల దగ్గర ఉంటుంది, దాన్ని చూసి సపోనైట్ అనుకోకు.

రేగడి_పిల్ల

చేయించాను. 61.8 దగ్గర ఉంది, 1.50. 60 దగ్గర ఉన్నది క్వార్ట్జే, 20.9, 26.6 రెండూ కూడా ఉన్నాయి కాబట్టి.

సారె అన్నా, మీ కోసం మూడో శాంపిల్ కూడా అన్ని మెట్లూ చేయించా. చెరువు మట్టిలో 7.15 పీక్ గ్లైకాల్‌లో కదల్లేదు, 300లో కదల్లేదు, 550లో పోయింది. అసలైన కయోలినైట్ అది. ఇల్లైట్ దండిగా ఉంది. 17కి పోయేది ఉంది గానీ, రేగడితో పోలిస్తే చాలా తక్కువ.

సారె_చక్రం

గందుకే గదా మేం చెరువులకెల్లి తెచ్చుకునేది. చేన్లది ముట్టం. మా నాయినకు చదివి వినిపించిన, "గదంత మాకు చేతికే తెల్సు" అన్నడు.

రేగడి_పిల్ల

చివరగా ఒక్కటే. రేగడి భాగంలో శాతాలు ఏమని పెట్టాలి? 17 శాతం అయితే తీసేస్తున్నా. కానీ పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటే ఎగ్జామినర్ ఊరుకుంటారా?

మోర్బీ_తెలుగోడు

పీకుల వైశాల్యాన్ని బట్టి ఉజ్జాయింపు శాతాలు వేసేవాళ్లున్నారు. పడుకోబెట్టిన పలక మీద ఆ లెక్క నాకైతే నమ్మకం లేదు. పొర మందం మారితే అంకె మారుతుంది.

పాత_డిఫ్రాక్టో

నేనూ వెయ్యను. మిశ్రమ పొరల్లో కయోలినైట్ ఎంత, స్మెక్టైట్ ఎంత అన్నది మోడల్ గ్రాఫు గీసి, నీ గ్రాఫుతో పోల్చి తేల్చాల్సిన పని. నీకిప్పుడు అంత టైం లేదు. "ప్రధానం, మధ్యస్థం, స్వల్పం" అని మూడు మాటల్లో పెట్టు: స్మెక్టైట్ ప్రధానం, కయోలినైట్-స్మెక్టైట్ మిశ్రమ పొరలు మధ్యస్థం, ఇల్లైట్ స్వల్పం. కాల్సైట్ 8 శాతం వేసుకో, అది టీజీలో విడిగా దిగింది కాబట్టి నిలబడుతుంది. కానీ అది మొత్తం మట్టి లెక్క, 2 మైక్రాన్ల భాగానిది కాదని పక్కనే రాయి. రెండూ ఒకే పట్టికలో కలిపెయ్యకు.

నాలుగు గ్రాఫులూ ఒకే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చి, 7.15 దగ్గర నిలువుగా ఒక చుక్కల గీత గియ్యి. ఎగ్జామినర్ ఆ గీతనీ, దాన్ని తప్పించుకుంటూ జరుగుతున్న పీకునీ చూస్తాడు. పట్టికలో ఖాళీ గడి గురించి అడగడు.

రేగడి_పిల్ల

గీస్తున్నా సార్. తెల్ల మట్టి గ్రాఫు కూడా కింద పెడతా, కదలని 7.15 ఎలా ఉంటుందో పక్కనే కనబడేలా.